లెక్కల ఫైలుకు బీగం

మా పెద్దమ్మ ఇంట్లో ఒక ఇనపపెట్టె ఉంది. దానికి పెద్ద ఇత్తడి బీగం. మీలో కొందరు తాళం అంటారు. కంబంలో మా ఇళ్ళల్లో బీగమనే అంటాం, దాన్ని తెరిచేది బీగంచెవి. ఆ పెట్టెలో మహిళా సంఘం లెక్కల నోటు ఉండేది. ఈ సంఘాన్ని మా ఊళ్ళో తమిళంలో మగళిర్ కుళు అంటారు. పద్ధెనిమిది మంది ఆడవాళ్ళు. నెలనెలా తలా కొంత దాచుకుంటారు, అవసరమైనవాళ్ళు అందులోంచి అప్పు తీసుకుంటారు, వడ్డీతో తిరిగి కడతారు. ఎవరు ఎంత దాచారు, ఎవరు ఎందుకు తీసుకున్నారు, ఎవరికి ఎన్ని కంతులు బాకీ అన్నదంతా ఆ నోటులోనే.

లెక్కల మేష్టర్ని కదా అని ఆ నోటును కంప్యూటర్లోకి ఎక్కించే పని నాకు అప్పజెప్పారు. నేను పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాశాను. పేరు కొడితే బాకీ వస్తుంది, తేదీ కొడితే వడ్డీ వస్తుంది. పెద్దమ్మ చాలా సంతోషించి, వెంటనే ఒక ప్రశ్న అడిగింది. "ఇంత బాగుండాది గానీ నాయనా, ఈ పెట్టెకు బీగం ఎక్కడుండాది?"

నేను నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వుకు మూల్యం నేను కట్టలేదు, ఇంకొకరు కట్టారు.

ఒకసారి ఆ కంప్యూటర్ చెడిపోతే మరమ్మతుకి ఇచ్చాం. పది రోజుల్లో తిరిగి వచ్చింది. అది రాకముందే ఒక మాట వీధిలోకి వచ్చింది. సంఘంలో ఒకావిడ కూతురి వైద్యానికని తీసుకున్న అప్పు సంగతి, జబ్బు పేరుతో సహా, సంఘంతో సంబంధం లేనివాళ్ళ నోళ్ళలో పడింది. ఆ అమ్మాయికి అప్పుడు సంబంధాలు చూస్తున్నారు. ఆవిడ రెండు నెలలు సమావేశానికి రాలేదు. ఎవరు చూశారో, ఎవరు చెప్పారో నేను తేల్చలేకపోయాను. ఒకటి మాత్రం తెలుసు. ఆ ఫైలును ఎవరైనా ఒక్క నొక్కుతో తెరిచి చదవగలిగేలా రాసింది నేను.

ఈనాటి నా మాటలన్నీ ఆ ఫైలు గురించే. మీరు చిన్న ప్రోగ్రాం ఏదైనా రాస్తుంటే, లేదా మీ పిల్లలు రాస్తుంటే, అది దాచే సమాచారాన్ని బీగం వేసి దాచడం ఎలా, తిరిగి తెరవడం ఎలా అన్నది విషయం. ఇంగ్లీషులో ఎన్‌క్రిప్షన్ అంటారు, పుస్తకాల్లో గుప్తీకరణ అని కనిపిస్తుంది. ప్రోగ్రాంలోని వరుసల్ని రేడియోలో చదివి వినిపిస్తే మీరు స్టేషను మార్చేస్తారు కాబట్టి ఆ పని చేయను.

ముందు, ప్రోగ్రాం ఒక ఫైలును దాచడమంటే ఏమిటో చూడండి. ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ లెక్కలు కంప్యూటర్ జ్ఞాపకంలో ఉంటాయి. కరెంటు పోతే ఆ జ్ఞాపకం పోతుంది. అందుకని వాటిని ఒక వరుసలో పేర్చి అక్షరాలుగా మార్చి, ఆ అక్షరాలను అంకెలుగా మార్చి డిస్కు మీద రాయాలి. ఆ అంకెల్ని బైట్లంటాం. ఇప్పుడు అంతటా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. మా ఊరి పేరు తీసుకోండి. కంబం అని తెలుగులో రాస్తే క, సున్న, బ, సున్న - నాలుగు సంకేతాలు, పన్నెండు బైట్లు. అదే పేరు తమిళ లిపిలో రాస్తే పొల్లులతో కలిపి ఆరు సంకేతాలు, పద్ధెనిమిది బైట్లు. ఊరు ఒక్కటే, పలుకు ఒక్కటే, డిస్కు మీద రెండు వేర్వేరు అంకెల వరుసలు. తిరిగి తెరిచేటప్పుడు ఏ పద్ధతిలో రాశామో ఆ పద్ధతిలోనే చదవాలి. లేకపోతే తెర మీద చుక్కలూ గీతలూ కనిపిస్తాయి.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. తెర మీద అర్థంకాని గీతలు కనిపించగానే, ఇది రహస్యంగానే ఉందిలే అనుకుంటారు. మాకు ఈ పొరపాటు పుట్టుకతో వచ్చింది. మేము తరాల కిందట ఈ నేలకు వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం. చిన్నప్పుడు బజారులో బేరం చేసేటప్పుడు మా అమ్మ తెలుగులో "ఎక్కువ చెప్తా ఉండాడు, పోదాం రా" అనేది. అంగడివాడికి తెలియదని ధైర్యం. వాడు ఒకరోజు తెలుగులోనే "ఎంతిస్తావమ్మా, చెప్పు" అన్నాడు. పాపం, వాడి పక్కింటివాళ్ళూ మావాళ్ళేనట. ఎదుటివాడికి తెలియని భాష బీగం కాదు. దగ్గరకు వేసిన తలుపు మాత్రమే. తోస్తే తెరుచుకుంటుంది.

మా తాత పద్దుల పుస్తకం ఇంకో పాఠం నేర్పింది. ఆయనకు తెలుగు మాట వచ్చు, తెలుగు అక్షరం రాదు. నేనూ ఇరవై దాటాకే తెలుగు ఓనమాలు నేర్చుకున్నాను. ఆయన తెలుగు మాటల్ని తమిళ అక్షరాలతో రాసుకునేవాడు. తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. ఒక పద్దులో "కాడికి 12 రూపాయలు" అని ఉంది. అది ఎడ్లకు కట్టే కాడికా, పశువుల గాడికా? ఇప్పటికీ మా ఇంట్లో తేలలేదు. రాసేటప్పుడు రెండింటినీ ఒకటిగా కలిపేస్తే, చదివేటప్పుడు ఏ తెలివీ వాటిని విడదీయలేదు. దాచిన దానిలో ఒక్క చుక్క పోకుండా తిరిగి రావాలి. అది వచ్చాకే బీగం మాట.

సరే, ఆ సంఘటన జరిగాక నేను సిగ్గుపడి బీగం తయారుచేయడానికి కూర్చున్నాను. సొంత తెలివి మీద నమ్మకంతో ఒక ఉపాయం పన్నాను. ప్రతి అక్షరాన్నీ మూడు స్థానాలు ముందుకు జరపడం. జూలియస్ సీజర్ తన ఉత్తరాల్లో వాడాడని చెప్పే పద్ధతి ఇదే. మన పిల్లలు ప్రతి అక్షరం ముందూ "చ" చేర్చి మాట్లాడుకునే చకార భాష కూడా దీనికి చుట్టమే. ఫైలు చూస్తే నాకే అర్థం కాలేదు, గర్వంగా అనిపించింది. పదో తరగతి చదివే కుర్రాడొకడికి చూపించి, చదువు చూద్దాం అన్నాను. సాయంత్రానికి వచ్చాడు. "సార్, ప్రతి వరుసలోనూ ఒకే చోట ఒకే అక్షరాలు వస్తా ఉండాయి. అది వడ్డీ అనే మాట అయ్యుండాలి అనుకున్నాను. మిగిలింది అదే వచ్చేసింది" అన్నాడు. వాడికి మార్కులు వేశాను, నా ఉపాయానికి సున్నా వేసుకున్నాను.

హాలండు దేశీయుడు ఆగస్ట్ కెర్కాఫ్స్ అనే ఆయన 1883లో సైన్యాల గుప్తలిపి గురించి రాస్తూ ఒక నియమం చెప్పాడు. బీగం ఎలా పనిచేస్తుందో శత్రువుకు పూర్తిగా తెలిసినా నష్టం ఉండకూడదు, బీగంచెవి ఒక్కటే రహస్యంగా ఉండాలి. ఆలోచిస్తే పెద్దమ్మ ఇనపపెట్టె ఈ నియమం ప్రకారమే ఉంది. అలాంటి బీగాలు ఊరంతా ఉన్నాయి, లోపల ఎలా ఉంటాయో బీగాలు చేసేవాడికి తెలుసు. అయినా ఆమె కొంగున ముడేసుకున్న బీగంచెవి లేకుండా తెరుచుకోదు. నా మూడు స్థానాల ఉపాయంలో అసలు బీగంచెవే లేదు. ఉపాయం తెలిస్తే అంతా తెలిసినట్టే.

ఇప్పుడు ప్రపంచమంతా నమ్మి వాడే బీగం పేరు ఏఈఎస్. బెల్జియం దేశీయులు జోన్ డామెన్, విన్సెంట్ రైమెన్ రూపొందించారు. బహిరంగంగా పోటీ పెట్టి, నిపుణులందరి చేతా దెబ్బలు తినిపించి, 2001లో అమెరికా ప్రమాణాల సంస్థ దీన్ని ఖరారు చేసింది. లోపలి అమరిక అచ్చు పుస్తకాల్లోనే ఉంది, ఎవరైనా చదువుకోవచ్చు. పెద్ద రకంలో బీగంచెవి 256 బిట్లు. ఎన్ని రకాల బీగంచెవులు సాధ్యమో రాయాలంటే 78 అంకెల సంఖ్య కావాలి. ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నించి తెరుద్దామంటే సూర్యుడు ఆరిపోయినా ఆ పని తెమలదు. ఈ బీగాన్ని మనం సొంతంగా రాయనక్కరలేదు, రాయకూడదు కూడా. పైథాన్‌లోనూ మిగతా భాషల్లోనూ బాగా పరీక్షించిన గ్రంథాలయాలు సిద్ధంగా ఉన్నాయి. వాటిని పిలిచి వాడుకోవడమే.

మరి ఆ బీగంచెవి ఎక్కడిది? మనిషి 78 అంకెలు గుర్తుపెట్టుకోలేడు. ఒక మాట గుర్తుపెట్టుకుంటాడు. దాన్నే పాస్‌వర్డ్ అంటాం. ఆ మాటను బీగంచెవిగా మార్చాలి. ఈ మార్పు కావాలనే నిదానంగా జరగాలి, అందులోనే కిటుకంతా ఉంది. పీబీకేడీఎఫ్2 అనే పద్ధతిలో ఆ మాటను లక్షలసార్లు నూరుతారు. మొదట నేను లక్షసార్లు నూరించాను, ఇప్పుడు ఆరు లక్షలసార్లు. నా పాత ల్యాప్‌టాప్‌కి దాదాపు అర సెకను పడుతుంది. అసలు మనిషికి అర సెకను ఆలస్యం తెలియదు. దొంగ కోటి మాటలు ప్రయత్నించాలంటే ప్రతి మాటకూ ఆ అర సెకను చెల్లించుకోవాలి. పిండి రుబ్బేటప్పుడు చిటికెడు ఉప్పు వేసినట్టు, నూరే ముందు కొన్ని యాదృచ్ఛికమైన అంకెలు కలుపుతారు. ఇంగ్లీషులో దాని పేరే సాల్ట్. ఇద్దరు మనుషులు ఒకే మాట పెట్టుకున్నా బీగంచెవులు వేరుగా రావడం దీని ప్రయోజనం. విచిత్రమేమిటంటే ఈ ఉప్పు రహస్యం కాదు. ఫైలు మొదట్లోనే పదహారు బైట్లుగా బాహాటంగా రాసి పెడతాం. రాయకపోతే మనమే తిరిగి తెరవలేం.

దాని పక్కనే ఇంకో పన్నెండు బైట్లు. వాటిని నాన్స్ అంటారు. ఇవి ఫైలు దాచిన ప్రతిసారీ కొత్తగా పుట్టాలి. నేను మొదట బద్ధకించి ఎప్పుడూ ఒకటే పెట్టాను. అది ఎంత పెద్ద తప్పో తర్వాత చదివి తెలుసుకున్నాను. ఒకే బీగంచెవితో, ఒకే నాన్స్‌తో రెండు ఫైళ్ళు దాస్తే, ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చినవాడికి లోపలి సంగతి చాలా తెలిసిపోతుంది. వాటితోపాటు నూరిన లెక్క ఎంతో కూడా మొదట్లోనే రాయండి. నేను లక్షను ఆరు లక్షలకు మార్చిన మర్నాడు పాత ఫైళ్ళేవీ తెరుచుకోలేదు. బీగంచెవి సరైనదే, మాట సరైనదే, వంటకం మారిపోయింది. ఏ వంటకంతో దాచామో ఆ ఫైలే చెప్పగలిగితే, పదేళ్ళ తర్వాతైనా తెరుచుకుంటుంది.

తెరవడం అంటే ఇదంతా వెనక నుంచి ముందుకు చేయడం. ఊరికి పోతూ మూట కడతాం కదా, చివర వేసిన ముడి ముందు విప్పాలి. ఫైలులోని బైట్లు చదవాలి, ఉప్పూ నాన్సూ వేరుచేయాలి, మాట అడిగి నూరాలి, వచ్చిన బీగంచెవితో తెరవాలి, బైట్లను అక్షరాలు చేయాలి, అక్షరాలను లెక్కలు చేయాలి. మధ్యలో ఒక ముఖ్యమైన పని ఉంది, ముద్ర చూడడం. ఏఈఎస్‌ను జీసీఎం అనే తీరులో వాడితే ఫైలు చివర పదహారు బైట్ల ముద్ర ఒకటి వస్తుంది. లోపల ఒక్క బైటు మారినా ముద్ర సరిపోదు.

దీని విలువ పెద్దమ్మ మనవడు మాకు తెలియజేశాడు. బీగం వేసిన ఫైలులో ఏముందో చూద్దామని వాడు దాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచాడు. గజిబిజిగా కనిపించింది. భయపడి మూసేస్తూ సేవ్ నొక్కాడు. నోట్‌ప్యాడ్ అక్షరాల కోసం పుట్టింది. తనకు అర్థంకాని బైట్లను తనకు తోచినట్టు మార్చి రాసేసింది. ఆ సాయంత్రం ప్రోగ్రాం "ముద్ర తప్పింది, తెరవను" అని మొండికేసింది. పెద్దమ్మకు కోపం వచ్చింది, నాకు సంతోషం వేసింది. తెరిచి ఏవో తప్పుడు అంకెలు చూపించి ఉంటే? మూడు వేల బాకీని ముప్పై వేలుగా చూపించి ఉంటే? అబద్ధం చెప్పే నోటుకన్నా నోరు విప్పని నోటే మేలు. ముందువారం నకలు పెన్‌డ్రైవ్‌లో ఉంది కాబట్టి బతికాం.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. ఫైలు రాస్తుండగా సగంలో కరెంటు పోతే పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. బ్యాటరీ చచ్చిపోయిన ల్యాప్‌టాప్ మాది. కాబట్టి కొత్త ఫైలును ముందు వేరే పేరుతో పూర్తిగా రాయాలి, తిరిగి తెరుచుకుంటోందో లేదో చూడాలి, ఆ తర్వాతే పాతదాని పేరు దానికి పెట్టాలి. ఆ తాత్కాలిక ఫైలు కూడా బీగం వేసినదే అయ్యుండాలి సుమా. కొందరు తాత్కాలికమే కదా అని ఉత్తదాన్ని రాసి, తర్వాత చెరిపేస్తారు. చెరిపినంత మాత్రాన డిస్కు మీద నుంచి వెంటనే పోదు. నేను గొప్పగా బీగం చూపించిన రోజున పెద్దమ్మ అడిగింది, "అయితే పాత నోటు ఏం చేసినావు?" అని. పాత ఫైలు నా ఈమెయిల్లో ఒకటి, చెత్తబుట్టలో ఒకటి, తమ్ముడి ఫోనులో ఒకటి ఉన్నాయి. వాటిని ఏరడానికి ఒక ఆదివారం పట్టింది.

ఇదే బీగాన్ని దొంగలు మన ఇంటికి వేస్తే? 2017 మే 12న వాన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాం ప్రపంచం మీద పడింది. నూటయాభైకి పైగా దేశాల్లో కంప్యూటర్లు చిక్కుకున్నాయి. మన తెలుగునాట ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని అందులో ఉన్నాయి. అది చేసిన పని మాయా కాదు మంత్రమూ కాదు. ఇప్పటిదాకా నేను చెప్పిన ఏఈఎస్ బీగంతోనే ఫైళ్ళను మూసి, ఆ బీగంచెవిని ఇంకో పెద్ద బీగంలో పెట్టి, దాని చెవి తమ దగ్గర ఉంచుకున్నారు. తెరవాలంటే 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టమన్నారు. ఆ వార్త చదివినప్పుడు నాకు అయ్యో అనిపించిందే గాని, బీగంచెవి మన చేతిలో లేకుండా పోవడానికి దొంగే అక్కరలేదన్న సంగతి తట్టలేదు.

అది ఎలా తెలిసిందంటే, పెద్దమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి పడిపోయింది, మాట పడిపోయింది. దేవుడి దయవల్ల ప్రాణం నిలిచింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక, నెలాఖరు సమావేశానికి ఆడవాళ్ళంతా వచ్చి కూర్చున్నారు. నేను ప్రోగ్రాం తెరిచాను. పాస్‌వర్డ్ అని అడిగింది. నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. అది కొట్టేటప్పుడు పెద్దమ్మ మమ్మల్నందరినీ మొహం అటు తిప్పుకోమనేది. నేను కూడా, ఒక్కరికే తెలిస్తేనే భద్రం అని ఆమెకు పాఠం చెప్పి ఉన్నాను. పద్ధెనిమిది మంది నా వైపు చూశారు. అందులో ఒకావిడకు మర్నాడు కాలేజీ ఫీజుకి డబ్బు కావాలి. తాను దాచుకున్న సొమ్మే. ఎంత ఉందో చెప్పగలిగేది ఆ ఫైలొక్కటే. బీగం వేశాక కాగితం నోట్లు దండగ అని మానిపించింది కూడా నేనే.

ఇంటికి వచ్చి రాత్రంతా కూర్చున్నాను. బీగం పగలగొట్టడానికి దారి లేదని అందరికన్నా నాకే బాగా తెలుసు. దారి లేకుండా చేయడానికే కదా అంత కష్టపడ్డాను. ఆ ఫీజు మొత్తాన్ని ఆవిడకు నేను సర్దాను. తర్వాత ఆరు వారాలు ఏ లెక్కా కదలలేదు. వాళ్ళలో ఒకరిద్దరు మధ్యలో మానుకుంటామన్నారు. నాకు గుర్తున్నంత చెప్తాను అంటే, గుర్తు మీద డబ్బు లెక్క ఎలా నడుస్తుంది మేష్టారూ అన్నారు. న్యాయమే.

ఆరు వారాల తర్వాత పెద్దమ్మకు కొంచెం మాట వచ్చింది. మెల్లగా అడిగాను. ఆమె ఎడమచేత్తో దొడ్డివైపు చూపించి, "ఆవు... ఆవు పేరు" అంది. ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆవు లచ్చుమమ్మ. ఎప్పుడో పోయింది గానీ ఆమెకు మరపు లేదు. పరుగెత్తుకెళ్ళి కొట్టాను, తెరుచుకోలేదు.

ఎందుకో ఊహించండి. లచ్చుమమ్మ తెలుగు పేరు. పెద్దమ్మ చదివింది తమిళం. కీబోర్డు మీద ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలు. మూడు లిపుల మధ్య ఆ ఆవు ఏ దారిన నడిచిందో ఎవరికి తెలుసు? తెలుగువాడు ఎల్-ఏ-సి-సి-హెచ్ అని మొదలుపెడతాడు. మా తమిళ పక్షంలో లక్ష్మి లాంటి పేర్లను ఎల్-ఏ-టి-సి-హెచ్ అనీ, ఎల్-ఈ-టి-సి-హెచ్ అనీ రాసేవాళ్ళున్నారు. చు అన్నది యు తోనా, రెండు ఓ లతోనా? మధ్యలో ఎమ్ ఒకటా, రెండా? పైగా కనీసం ఒక అంకె ఉండాలని నిబంధన పెట్టింది నా ప్రోగ్రాం. ఆ అంకె ఏదో ఆమెకు గుర్తులేదు.

కాగితం తీసుకుని పేరు రాయగల తీర్లన్నీ రాశాను. 48 వచ్చాయి. ఒక్కోదాని చివర సున్న నుంచి 99 వరకు అంకెలు. మొత్తం 4,800. ఒక్కోదానికి అర సెకను, అంటే 2,400 సెకన్లు, నలభై నిమిషాలు. నా బీగం మీద నేనే దొంగతనానికి ఒక చిన్న ప్రోగ్రాం రాసి నడిపించాను. ఇరవై ఏడో నిమిషంలో తెరుచుకుంది. ఎల్-ఏ-టి-సి-హెచ్-యు-ఎమ్-ఏ-ఎమ్-ఎమ్-ఏ, చివర ఏడు. ఆ ఏడు వాళ్ళ వాకిలి నంబరు.

పెద్దమ్మ ఇంట్లో వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం వెన్నులో చలి పుట్టింది. ఆ ఆవు పేరు వీధిలో ఎవరికి తెలియదు? వాకిలి నంబరు గోడ మీదే ఉంది. 78 అంకెల బీగంచెవి అని నేను ఊరంతా చెప్పుకున్నది, తెలిసినవాడి చేతిలో నలభై నిమిషాల పని. మరమ్మతు చేసే చోట ఫైలు పది రోజులుంటే ఏమయ్యేదో లెక్క వేసి చూశాను, ఎవరికీ చెప్పలేదు. ఇవాళ మీకు చెబుతున్నాను.

అప్పుడు రెండు మార్పులు చేశాం. మొదటిది మాట. ఇప్పుడు మాట మనిషి మనసులోంచి పుట్టదు, పాచికల్లోంచి పుడుతుంది. ఇలాంటి పని కోసమే 7,776 మాటల పట్టీలు ఉన్నాయి. అయిదు పాచికలు దొర్లిస్తే ఆరు, ఆరు చొప్పున అయిదుసార్లు గుణిస్తే వచ్చేది అదే సంఖ్య, కాబట్టి ఒక దొర్లింపుకి ఒక మాట. నాలుగు మాటలు చాలు. వాటికి ఆవుతోగాని ఇంటితోగాని చుట్టరికం ఉండదు. పట్టీ తెలిసినవాడైనా ఒక కంప్యూటరుతో, అర సెకనుకు ఒకటి చొప్పున అన్నీ ప్రయత్నించాలంటే అయిదు కోట్ల సంవత్సరాలకు పైనే పడుతుంది. వెయ్యి కంప్యూటర్లు పెట్టినా యాభై వేల ఏళ్ళు. మీరూ లెక్క చేసి చూడండి, పిల్లలకు ఘాతాంకాలు చెప్పడానికి మంచి లెక్క.

రెండోది బీగంచెవి. గుడి హుండీకి రెండు మూడు బీగాలు వేయడం మీకు తెలుసు. అందరూ వస్తేగాని తెరుచుకోదు. మాకు దానికి తిరగబెట్టిన ఏర్పాటు కావాలి, ఎవరో ఒకరు ఉంటే తెరుచుకోవాలి. అందుకని లెక్కల ఫైలుకు మనిషి ఎవరూ ఊహించని బీగంచెవిని కంప్యూటరే పుట్టిస్తుంది. ఆ బీగంచెవికి మూడు నకళ్ళు తీసి, మూడు చిన్న డబ్బాల్లో పెట్టి, ఒక్కో డబ్బాకు ఒక్కొక్కరి మాటతో బీగం వేస్తుంది. ఆ మూడు డబ్బాలూ ఫైలు మొదట్లోనే ఉంటాయి. పెద్దమ్మ, కార్యదర్శి, కోశాధికారి. ఎవరి మాట వాళ్ళదే, ఒకరిది ఒకరికి తెలియదు. ఒకరు సంఘం వదిలిపోతే కొత్త బీగంచెవి పుట్టించి, ఫైలును మళ్ళీ మూసి, మిగిలినవాళ్ళకు కొత్త డబ్బాలు చేయాలి. ఉత్త డబ్బా తీసేస్తే చాలదు, ఆవిడ దగ్గర పాత బీగంచెవి ఉండిపోయి ఉండవచ్చు. పాత నకళ్ళు మాత్రం పాత బీగంచెవికే తెరుచుకుంటాయి, దానికి ఏ ప్రోగ్రామూ ఏమీ చేయలేదు. నా పేరున డబ్బా లేదు. ప్రోగ్రాం రాసినవాడికి లెక్కలు చూసే హక్కు ఎందుకని కోశాధికారి అడిగింది. నాకు జవాబు దొరకలేదు.

కాగితం నోట్లు మళ్ళీ మొదలుపెట్టాం. ఎవరి నోటు వాళ్ళ ఇంట్లో. మొత్తం ఫైలు ఎప్పటికీ తెరుచుకోకపోయినా ఎవరి సొమ్ము ఎంతో వాళ్ళ చేతిలో ఉంటుంది. మన దేశంలో 2023లో వ్యక్తుల సమాచార రక్షణకు ఒక చట్టం వచ్చింది. మా పద్ధెనిమిది మంది దాని పేరు విని ఉండరు. అయినా నెలాఖరున నోటు ప్రోగ్రాంతో సరిచూసుకోకుండా ఎవరూ లేవరు.

ఆ మొదటావిడ తిరిగి వస్తోంది. అప్పు ఎందుకు కావాలో రాసే గడి ఒకటి ఫైలులో ఉండేది. దాన్ని తీసేయమని ఆవిడే అడిగింది, తీసేశాను. నిజానికి వడ్డీ లెక్కకు ఆ గడితో ఎప్పుడూ పని పడలేదు.

పెద్దమ్మ ఇప్పుడు ఎడమచేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతుంది. నాలుగు మాటలూ పూర్తికావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. సహాయం చేద్దామని పోయిన నెల వంగి చూశాను.

"మొహం అటు తిప్పుకో నాయనా," అంది.